పుస్తకం పక్కన మనిషి పేరు కూడా ఉండనివ్వండి

విశ్వవిద్యాలయ గ్రంథాలయ కమిటీల సభ్యులకు, ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు నమస్కారం.

నేను లైబ్రరీ ఉద్యోగిని కాను. మొదట విద్యార్థిగా, తర్వాత పరిశోధకుడిగా, ఇప్పుడు అధ్యాపకుడిగా విశ్వవిద్యాలయ గ్రంథాలయాల మీద ఆధారపడి పనిచేస్తున్నవాణ్ణి. మిమ్మల్ని ఒక్క విషయం అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. లైబ్రరీ సిబ్బంది పాఠకులకు చేసే పుస్తక సిఫార్సులు, వాళ్లు నిర్వహించే కార్యక్రమాలు చాలాచోట్ల తీరిక దొరికితే చేసే పనులుగానే మిగిలిపోయాయి. వాటిని లైబ్రరీ అసలు పనిలో భాగంగా గుర్తించండి. డ్యూటీ చార్టులో వాటికి గంటలు రాయండి. చేసినవాళ్ల పేరు వాటి మీద ఉండనివ్వండి.

వార్షిక నివేదికలు తిరగేస్తే ఈ పనికి ఇప్పుడు ఎంత చోటు దక్కుతోందో తెలుస్తుంది. ఎన్ని పుస్తకాలు కొన్నాం, ఎన్ని ఇ-జర్నళ్లకు చందా కట్టాం, గేటు దాటి ఎంతమంది లోపలికి వచ్చారు, ఎన్ని డౌన్‌లోడ్లు జరిగాయి అనే పట్టికలు పేజీలకు పేజీలు ఉంటాయి. సిబ్బంది ఏ పుస్తకాలు సూచించారు, ఏ కార్యక్రమాలు జరిపారు అన్నది మాత్రం చివర్లో ‘ఇతర కార్యక్రమాలు’ కింద రెండు వాక్యాల్లో ముగుస్తుంది. రెండు వాక్యాలే ఉన్నాయి కాబట్టి బడ్జెట్ చర్చల్లో దాని గురించి ఎవరూ నోరెత్తరు.

కొన్న పుస్తకం దానంతట అది పాఠకుడి చేతికి చేరదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో అలెన్ కెంట్ బృందం ఈ సంగతిని లెక్కగట్టి, ఫలితాలను 1979లో ప్రచురించింది. ఆ లైబ్రరీ 1969లో చేర్చుకున్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం ఆ తర్వాతి ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదు. ఆ లెక్క మీద అప్పట్లోనే పెద్ద వాదన నడిచింది. ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే కూర్చుని చదివినవాటి మాటేమిటని విమర్శకులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పరిశోధన గ్రంథాలయంలో ఒక పుస్తకం ముప్పై ఏళ్లు ఎదురుచూసి ఒకే ఒక్కరికి పనికొచ్చినా ఆ ఖర్చు దండగ కాదని నా నమ్మకం. కానీ ఎవరూ తియ్యని ఆ పుస్తకాల్లో కొన్నింటి అసలు పాఠకులు అదే భవనంలో, రెండంతస్తుల కింద తిరుగుతూ ఉండే ఉంటారు. ఆ రెండంతస్తుల దూరం తగ్గించడం ఎవరి పని అన్నదే నా ప్రశ్న.

ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా వచ్చారు. అంతకుముందు ఆయన గణితం బోధించేవారు. 1931లో ఆయన ప్రచురించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. మూడోది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. చదవగానే రెండూ ఒకటే అనిపిస్తాయి, కాదు. రెండో సూత్రంలో పాఠకుడు వచ్చి అడుగుతాడు. మూడోదాంట్లో అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. పుస్తకం తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి. కేటలాగు రెండో సూత్రానికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఏం కావాలో తెలిసినవాడికి కాల్ నంబరు (పుస్తకం ర్యాకులో ఎక్కడుందో చెప్పే సంఖ్య) ఇస్తే చాలు. ఏం అడగాలో తెలియని మొదటి సంవత్సరం విద్యార్థి ఓపాక్‌లో, అంటే కంప్యూటర్ కేటలాగులో, ‘వాతావరణ మార్పు’ అని కొడితే వేల ఫలితాలు వస్తాయి. మొదటి పేజీలో ఏది కనిపిస్తే అది తీసుకుంటాడు, లేదా ఏదీ తీసుకోకుండా వెళ్లిపోతాడు.

మంచి సిఫార్సు అంటే ఏమిటో దగ్గర్నుంచి చూపిస్తాను. నాకు తెలిసిన ఒక లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే సర్క్యులేషన్ కౌంటర్ పక్కన సిబ్బంది సూచించిన పుస్తకాల ర్యాకు ఒకటి ఉండేది. ప్రతి పుస్తకంలో చేత్తో రాసిన కార్డు ఉండేది. గణాంకశాస్త్రం పుస్తకం ఒకదాంట్లోని కార్డు మీద దాదాపు ఇలా ఉంది: “లెక్కలంటే భయపడే సామాజికశాస్త్ర విద్యార్థుల కోసం. మూడో అధ్యాయంతో మొదలుపెట్టండి, అక్కడ సర్వే ఉదాహరణ మొదట్నించి చివరిదాకా చేసి చూపించారు. లెక్కలు బాగా వచ్చినవాళ్లకు ఇది విసుగ్గా ఉంటుంది. కొత్త ఎడిషన్ ఇష్యూలో ఉంటే పాతది తీసుకోండి, ఈ అధ్యాయం రెండింట్లోనూ ఒకటే.” కింద రాసిన ఉద్యోగి పేరు, సాయంత్రం షిఫ్టు అన్న మాట.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు, ఎక్కడ మొదలుపెట్టాలి, దొరక్కపోతే ఏం చెయ్యాలి అన్నవన్నీ ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. ఆయనకు ఆ శాస్త్రంలో డిగ్రీ లేదు. ఎలా తెలిసిందని అడిగితే పుస్తకం తీసి చూపించాడు. తిరిగి ఇవ్వాల్సిన తేదీలు వేసే డ్యూ స్లిప్ మీద ముద్రలన్నీ ఏటా థీసిస్ సమర్పించే నెలల చుట్టూనే ఉన్నాయి. పుస్తకం మూసి అంచు మీద చూస్తే మూడో అధ్యాయం ఉన్నంత మేరా కాగితాలు నలిగి, రంగు మారి, ఒక చార కనిపించింది. మిగతాదంతా కొత్తదానిలా ఉంది. తిరిగి ఇచ్చేవాళ్లను ‘పనికొచ్చిందా?’ అని అడిగేవాణ్ణని చెప్పాడు. ఆ జ్ఞానం మీరు కొన్న ఏ డేటాబేస్‌లోనూ లేదు. కౌంటర్ వెనక నిలబడి, వచ్చిన పుస్తకాన్ని తిరగేసి చూసి, మనిషిని పలకరించేవాడికి మాత్రమే వస్తుంది.

దీనికి పక్కన పెట్టి చూడటానికి ఇంకో రకం సిఫార్సులూ ఉన్నాయి. “విజ్ఞానదాయకమైన గ్రంథం, ప్రతి ఒక్కరూ చదివి తీరాలి” అని రాసి, పుస్తకం అట్ట బొమ్మ పెట్టి, కింద లైబ్రరీ ముద్ర వేసి వదిలేస్తారు. ఎవరు చదివారో, అసలు చదివారో లేదో తెలియదు. ఏ పుస్తకానికి తగిలించినా అతికే వాక్యం ఏ పుస్తకం గురించీ ఏమీ చెప్పదు. సిబ్బంది చేత ఇలాంటివి రాయించడమంటే వాళ్ల సమయాన్నీ పాఠకుడి సమయాన్నీ పాడుచెయ్యడమే. ‘పాఠకుడి సమయాన్ని కాపాడు’ అన్నది రంగనాథన్ నాలుగో సూత్రం.

ఎవరు సిఫార్సు చెయ్యాలన్న దగ్గర చాలా కమిటీలు గీత గీస్తాయి. లైబ్రరీ సైన్సు చదివినవాళ్లు మాత్రమే, లేదా ఫలానా హోదా పైనవాళ్లు మాత్రమే అంటాయి. ఆ గీత చెరిపెయ్యమని గట్టిగా కోరుతున్నాను. రిటర్న్ ట్రాలీ నుంచి పుస్తకాలు తీసి ర్యాకుల్లో సర్దే అటెండర్‌కి ఏ విభాగం పుస్తకాలు ఏ వారం తిరుగుతున్నాయో తెలుసు. బైండింగ్ చేసేవాళ్లకి ఏ పుస్తకాలు చదివి చదివి విడిపోతున్నాయో తెలుసు. స్కానింగ్ విభాగంలో పనిచేసే అమ్మాయి పాత పత్రికల్ని పేజీ పేజీ చూస్తుంది. అందులో ఏ సంచికలో ఏముందో చెప్పగలిగినవాళ్లు ఆ భవనంలో ఆమె తప్ప ఇంకొకరు ఉండరు. అధ్యాపకులం మేమిచ్చే రీడింగ్ లిస్టులు మా సబ్జెక్టు గోడల మధ్యే ఉంటాయి. భూగర్భశాస్త్రం విద్యార్థికి పనికొచ్చే పుస్తకం చరిత్ర ర్యాకులో ఉందని మాకు తట్టదు. అన్ని విభాగాల పుస్తకాలూ చేతుల మీదుగా వెళ్లే సిబ్బందికి తడుతుంది.

‘ఇదంతా ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది కదా, ఇది చదివినవాళ్లు ఇవి కూడా చదివారని చూపిస్తుంది’ అనే జవాబు సమావేశాల్లో విన్నాను. దాని వల్ల ఉపయోగం లేదని అనను. కానీ అది ఎక్కువమంది తీసుకున్నదాన్నే ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది. ఒక్కసారి కూడా ఇష్యూ కాని పుస్తకం దానికి కనిపించదు. నేను పైన చెప్పిన 40 శాతం దాని లెక్కలో లేనట్టే. ఇంకో మాట, నా దృష్టిలో ఇదే పెద్దది. అలాంటి సూచన చెయ్యాలంటే ఎవరు ఏం తీసుకున్నారన్న చిట్టా ఎక్కడో నిల్వ ఉండాలి. పాఠకుల నుంచి తెలిసిన సొంత విషయాలను గోప్యంగా ఉంచడం లైబ్రేరియన్ బాధ్యత అని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లోనే తన నియమావళిలో రాసుకుంది. పుస్తకం తిరిగి రాగానే ఆ లావాదేవీకీ పాఠకుడి పేరుకీ ఉన్న లంకెను చాలా లైబ్రరీలు తెంపేస్తాయి. జబ్బు గురించో, మతం గురించో, ప్రభుత్వాన్ని విమర్శించే పుస్తకమో తీసుకున్న విద్యార్థికి ఆ హామీ అవసరం. కార్డు రాసిన ఉద్యోగికి నా చిట్టా అక్కర్లేదు. ఆయన తన చదువు గురించి చెబుతాడు, నాకు కావాలంటే తీసుకుంటాను.

మంచి సిఫార్సును పాడుచేసేది ఇంకొకటి ఉంది, క్యాలెండర్. యునెస్కో 1995లో ప్రకటించినప్పటి నుంచి ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవం జరుగుతోంది. అక్టోబరు చివర్లో ఓపెన్ యాక్సెస్ (పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా అందాలనే) వారం వస్తుంది. ఇవి కాక దినోత్సవాలు సంవత్సరమంతా ఉంటాయి. ప్రతి దినోత్సవానికీ పది పుస్తకాల జాబితా ఇవ్వమని సర్క్యులర్ పంపితే సిబ్బంది ఇస్తారు. చదవని పుస్తకాలతో ఇస్తారు. దినోత్సవాలు వద్దని కాదు, ఆ పుస్తకాలు చదివినవాళ్లు ఉన్నప్పుడే జాబితా పెట్టమంటున్నాను. ఏ దినోత్సవమూ కాని మంగళవారం నాడు ఒక ఉద్యోగి తాను ముందురోజు ముగించిన పుస్తకం గురించి రాసిన కార్డు నాకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక కార్యక్రమాలు. వీటిని మీరు హాజరుతో కొలుస్తున్నారు. పేరున్న వక్తను పిలిచి, తరగతులు ఆపి విద్యార్థుల్ని తోలుకొస్తే హాలు నిండుతుంది, ఫొటో బాగుంటుంది. పుస్తకం ఎలా వెతకాలో, ఆధారం ఎలా సరిచూసుకోవాలో నేర్పే చిన్న క్లాసుకి ఎనిమిది మంది వస్తే దాన్ని విఫలమైందని రాస్తారు. నేను చూసినంతలో విశ్వవిద్యాలయానికి ఎక్కువ మేలు చేసేది ఆ ఎనిమిది మంది క్లాసే.

అలాంటి క్లాసు ఒకటి నా కళ్లారా చూశాను. ఈ మధ్య విద్యార్థులు ఏఐ పరికరాలు ఇచ్చిన రిఫరెన్సులు పట్టుకుని కౌంటర్‌కి వచ్చి, ఈ వ్యాసం తెప్పించండని అడగడం ప్రపంచంలో చాలాచోట్ల లైబ్రేరియన్లకు అనుభవంలోకి వచ్చింది. వాటిలో కొన్ని అసలు లేని వ్యాసాలు. ఆ క్లాసు తీసుకున్న రిఫరెన్స్ లైబ్రేరియన్ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. అలాంటి రిఫరెన్సు ఒకటి తెర మీద పెట్టి, అందరి చేతా వెతికించింది. రచయిత పేరు కొట్టారు, ఆ మనిషి నిజంగానే ఆ రంగంలో ఉన్నాడు. పత్రిక పేరు కొట్టారు, అదీ ఉంది. సంపుటి సంఖ్య, సంవత్సరం సరిపోయాయి. ఆ సంచిక తెరిచి పేజీ నంబరుకి వెళ్తే అక్కడ ఇంకెవరిదో, ఇంకేదో విషయం మీది వ్యాసం ఉంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక విద్యార్థి తన డ్రాఫ్టు తెరిచి, ఒక్కొక్క రిఫరెన్సునూ అదే పద్ధతిలో పట్టి చూడటం మొదలుపెట్టాడు. మిగతావాళ్లూ అదే పనిలో పడ్డారు. క్లాసు సమయం అయిపోయినా ఎవరూ లేవలేదు. హాజరు పట్టికలో దాన్ని ఏ గడిలో రాస్తారు?

లైబ్రరీ సిబ్బంది చెయ్యగలిగినవి ఇంకా చాలా ఉన్నాయి. డెన్మార్క్‌లో 2000లో రోస్కిల్డే ఉత్సవంలో మొదలైన ‘హ్యూమన్ లైబ్రరీ’ పద్ధతిలో పుస్తకాల బదులు మనుషుల్ని అరువిస్తారు. సమాజం చిన్నచూపు చూసే అనుభవం ఉన్న ఒక మనిషి ఎదురుగా కూర్చుని, మీరు అడిగినవాటికి జవాబు చెబుతారు. చాలా దేశాల లైబ్రరీలు దాన్ని అందుకున్నాయి. 2016 నుంచి వికీపీడియాలో ‘వన్ లిబ్ వన్ రెఫ్’ అనే ప్రయత్నం నడుస్తోంది. ప్రతి లైబ్రేరియనూ ఆధారం లేని ఒక వాక్యానికి ఒక ఆధారం చేర్చాలన్నది దాని ఉద్దేశం. దాన్ని విద్యార్థులతో కలిసి ఒక మధ్యాహ్నం చేస్తే, ఆధారం అంటే ఏమిటో సెమిస్టరంతా చెప్పినా రానంత బాగా వస్తుంది. తాళం వేసి ఉండే ప్రత్యేక సేకరణల గది నుంచి చేతిరాత ప్రతులో, పాత మ్యాపులో తెచ్చి బల్ల మీద పరిచి, వాటిని చూసుకునే ఉద్యోగి పక్కన నిలబడి వివరిస్తే అంతకన్నా పెద్ద కార్యక్రమం అక్కర్లేదు. ఏది చేసినా వేళ చూసుకోవాలి. ల్యాబుల్లో ఉండేవాళ్లు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు మధ్యాహ్నం మూడింటికి రాలేరు. వినికిడి లోపం ఉన్నవాళ్లకి తెర మీద అక్షరాలు లేకపోతే వచ్చినా లాభం లేదు.

ఇంత చెప్పాక ఒక ఇబ్బంది గురించి కూడా మాట్లాడాలి. లైబ్రరీల్లో ఖాళీలు భర్తీ కాక, ఉన్నవాళ్లే రెండు మూడు కౌంటర్లు చూసుకుంటున్నారు. వాళ్ల నెత్తిన ‘నెలకి అయిదు సిఫార్సులు, రెండు కార్యక్రమాలు’ అని కొత్త లక్ష్యం పెడితే ఈ లేఖ రాసినందుకు నేనే బాధపడతాను. గంటలు ఇవ్వలేనప్పుడు ఈ పని అడగకండి. ఇవ్వదలిస్తే ఇంకేదో తగ్గించి ఇవ్వండి. ఎవరూ చదవని నెలవారీ నివేదికలు ఆపితేనే కొన్ని గంటలు మిగులుతాయి. వారానికి రెండు గంటలు చదవడానికి, రాయడానికి అని డ్యూటీ చార్టులో కనపడేలా ఉండాలి. ఆ సమయంలో ఉద్యోగి పుస్తకం పట్టుకుని కూర్చుంటే పని ఎగ్గొడుతున్నట్టు చూసే అలవాటు పోవాలి. లైబ్రరీలో చదువుతున్న ఉద్యోగిని తప్పుపట్టే చోట సిఫార్సులు ఎక్కడి నుంచి వస్తాయి?

డబ్బు సంగతి కొంచెమే. సిఫార్సు చేసిన పుస్తకానికి రిజర్వేషన్లు పెరిగితే రెండో ప్రతి వెంటనే కొనడానికి చిన్న నిధి కావాలి. దాని మీద సంతకం చేసే అధికారం లైబ్రేరియన్‌కే ఉండాలి. ఇప్పుడు ఆ ప్రతిపాదన కొనుగోలు కమిటీకి వెళ్లి తిరిగి వచ్చేసరికి అడిగిన విద్యార్థి డిగ్రీ పూర్తిచేసుకుని వెళ్లిపోతున్నాడు. రాసిన కార్డులు చెత్తబుట్టలోకి పోకుండా కేటలాగులో ఆ పుస్తకం రికార్డుకే జతచెయ్యాలి. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం వెతికినవాడికి కూడా ఆ నాలుగు వాక్యాలు కనిపించాలి. పదోన్నతులకు చూసే పనుల్లో ఇదీ ఒకటిగా ఉండాలి.

స్వేచ్ఛ విషయంలో మాత్రం రాజీ పడవద్దు. ప్రతి కార్డూ పై అధికారి చూసి ఆమోదించాలన్న నియమం పెడితే ఎవరికీ అభ్యంతరం లేని పుస్తకాలే మిగులుతాయి. సిబ్బంది తమ ఇష్టాల్ని పాఠకుల మీద రుద్దుతారన్న భయం కొందరు సభ్యులకు ఉంది. ఒక్కరికే ఆ అవకాశం ఇస్తే ఆ భయం నిజమే. పదిమంది పేర్లతో, పదిరకాల అభిరుచులతో రాస్తే పాఠకుడు తనకు ఎవరి మాట కుదురుతుందో తనే తెలుసుకుంటాడు. నచ్చని కార్డు ఉంటే, దాని పక్కనే ఇంకో పుస్తకానికి కార్డు రాసే హక్కు పాఠకులకూ ఇవ్వండి. ఉద్యోగి పేరు పెట్టడమన్నది కూడా ఆయన ఇష్టప్రకారమే జరగాలి. కొన్ని పుస్తకాల మీద పేరు పెట్టడం వల్ల ఇబ్బంది వచ్చే పరిస్థితులు ఉన్నాయని తెలుసు. అలాంటప్పుడు విభాగం పేరు చాలు, కానీ ఇబ్బంది వస్తే ఆయన వెనక నిలబడాల్సింది మీరు.

ఈ లేఖ చదువుతున్న సిబ్బంది ఉంటే వాళ్లకూ ఒక విన్నపం. గొప్ప పుస్తకాల గురించే రాయాలని అనుకోకండి. మీ ర్యాకులో మూల ఉన్న పాత నిఘంటువు, ఎవరూ తెరవని జనాభా లెక్కల సంపుటి, ఫలానా ప్రయోగానికి ఇప్పటికీ పనికొచ్చే ల్యాబ్ మాన్యువల్, ఇవే మాకు తెలియనివి. పుస్తకం సగంలో ఆపేశారా? ఎందుకు ఆపేశారో రాయండి. ఆ కారణమే ఇంకొకరిని ఆ పుస్తకం దగ్గరికి పంపవచ్చు. 1876లో వూస్టర్ పట్టణ గ్రంథాలయానికి చెందిన శామ్యూల్ గ్రీన్, అమెరికా లైబ్రేరియన్ల సమావేశంలో ఒక పత్రం సమర్పించారు. లైబ్రేరియన్ పాఠకుల మధ్య తిరిగి, స్నేహంగా మాట్లాడి, కావలసినది వెతికిపెట్టాలని అందులో వాదించారు. రిఫరెన్స్ సేవ అని ఇవాళ మనం అంటున్నదానికి మూలం అక్కడ చూపిస్తారు. మీరు కార్డు మీద రాసే నాలుగు వాక్యాలు ఆ పనికి కొనసాగింపే.

కమిటీ సభ్యులారా, వచ్చే సమావేశం అజెండాలో దీన్ని విడిగా ఒక అంశంగా చేర్చమని కోరుతున్నాను. ఆ రోజు సర్క్యులేషన్ కౌంటర్ నుంచి ఒకరిని, స్టాక్ రూమ్ నుంచి ఒకరిని పిలిచి, మీతో సమానంగా కుర్చీ వేసి, వారానికి ఎన్ని గంటలైతే కుదురుతుందో వాళ్లనే అడగండి. తీసుకున్న నిర్ణయాన్ని, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో, లైబ్రరీ నోటీసు బోర్డులో పాఠకులందరూ చదివేలా పెట్టండి.

ఇట్లు,
మీ గ్రంథాలయాల పాఠకుడు